బోర్డు బాగానే ఉండాది

శుక్రవారం పొద్దున బెంగుళూరులో బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. నేను చదివిన పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అటెండరు. ఆయన ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. "అమ్మా, మేడం పోయినారు," అన్నాడు. ఈ కబురు వస్తుందని నెలల తరబడి తెలుసు. తెలిసినా ఏం లాభం, ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయాను. ఎప్పుడని అడిగితే, తెల్లారి, ఇంట్లోనే అన్నాడు. "నీకు ముందు చెప్పమన్నారు. వచ్చేటప్పుడు మీ అమ్మను పిల్చుకొని రమ్మన్నారు."

మా అమ్మను ఎందుకు రమ్మన్నారో మీకు తెలియాలంటే చాలా చెప్పాలి. పొగిడితే మేడం మొహం చిట్లించుకునేవారు. "ఇంగ చాలుగానీ, సోల్డరింగ్ ఐరన్ ఆర్పినావా లేదా?" అని మాట తప్పించేవారు. తన గురించి ఇట్లా రాస్తే తప్పకుండా తిట్టేవారు. తిట్టడానికి ఇప్పుడు ఆవిడ లేరు గనక రాస్తున్నాను.

మేడం మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. కర్ణాటక అంచునుండే గుమ్మఘట్ట దిక్కు మనిషి, అందుకే ఆమె తెలుగులో కన్నడం తొంగి చూసేది. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో మాటలు మాట్లాడేవారు. సర్క్యూట్ బోర్డు ముందు కూర్చుంటే మాత్రం ఆ మాటలన్నీ పక్కన పెట్టి సొంత ఊరి యాసలోకి వెళ్ళిపోయేవారు. మేము చేరకముందే భర్త పోయాడు. నుదుట బొట్టు ఉండేది కాదు. మాకు ఆ వయసులో అంతకు మించి కనబడలేదు, మేము గుసగుసలాడుకునేది కూడా దాని గురించే.

మొదటి ల్యాబు రోజు నా బోర్డులో ఒక్క దీపమూ వెలగలేదు. కాల్చేశానేమో, కాలేజీలోంచి వెళ్ళగొడతారేమో అని నాకు ఏడుపొచ్చింది. మేడం వచ్చి నా వెనకాల నిలబడి, "ముందు కరంటు సూడు. కన్నీళ్ళు తర్వాత పెట్టుకుందువు," అన్నారు. చూస్తే ప్లగ్గు గోడలో పెట్టాను గానీ స్విచ్చి వేయలేదు. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు, తన డబ్బాలోంచి రెండు ముద్దల బొరుగుల ఉగ్గాని మూత మీద పెట్టి ఇచ్చారు. ఆ మాట తర్వాత నా బతుకులో చాలాచోట్ల పనికొచ్చింది.

ఆవిడకు ఒక అలవాటుండేది. ఏ బోర్డు ముట్టుకోవాలన్నా ముందు పోయి కిటికీ కమ్మిని ఒకసారి పట్టుకుని వచ్చేవారు. దేవుడికి మొక్కుతారేమోనని కొన్నాళ్ళు అనుకున్నాం. ఒకసారి అడిగితే, "ఒంట్లో ఉండే కరంటు దానికిచ్చేసి వస్తాండా. మన కోపం, మన కరంటు చిప్పు మీద సూపియ్యకూడదు," అన్నారు. చీర ఒంటికి రాసుకుంటే పుట్టే చిటికెడు విద్యుత్తు చాలు, చిప్పు చచ్చిపోవడానికి. అనంతపురం లాంటి పొడిగాలి ఊర్లో అది ఇంకా ఎక్కువ.

ఇక అసలు సంగతి. మైక్రోకంట్రోలర్ అంటే ఒక అరచేతి బోర్డు మీద కూర్చునే చిన్న లెక్కల మిషను. దాన్ని నేర్చుకోవడానికి కీలు, అంకెలు చూపే డిస్‌ప్లే అన్నీ కలిపి అమ్మే బోర్డును ఇవాల్యుయేషన్ బోర్డు అంటారు. దానికి ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము పక్కనున్న ఇంకో చిప్పులో ఉంటుంది. ఆ కాలంలో ఆ చిప్పు నడినెత్తిన గుండ్రటి గాజు కిటికీ ఉండేది. ఒక రకం నీలి దీపం వెలుతురు ఆ కిటికీలోంచి పడితే లోపలి ప్రోగ్రాము మొత్తం చెరిగిపోయి, చిప్పు మళ్ళీ కొత్త పలకవుతుంది. మా కాలేజీలో ఆ దీపం ఎప్పుడో కాలిపోయింది. కొత్తది వస్తుందని వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ చెప్పేవారు. మేడం ఎదురు చూడలేదు. చెరపాల్సిన చిప్పులన్నీ స్టీలు తట్టలో పేర్చి తన ఇంటి మిద్దె మీద ఎండలో పెట్టేవారు. పక్కింటివాళ్ళ వడియాలు ఒక పక్క, మేడం చిప్పులు రెండు వరసల కాళ్ళతో ఒక పక్క. "ఏం మేడం, జెర్రిల్ని ఎండబెడ్తాండారా?" అని పక్కింటామె అడిగేది. "మనకు వానకే గదమ్మా కరువు, ఎండ ఊరికే వస్తాండాది. దాన్నన్నా వాడుకుందాం," అనేవారు ఈవిడ.

ప్రోగ్రాము చెరపడానికి ఎండ ఎంత పనికొస్తుందో, ఉంచుకోవాలంటే అంత శత్రువు. కాబట్టి ప్రోగ్రాము ఎక్కించాక ఆ గాజు కిటికీ మూసేయాలి. ఇన్సులేషన్ టేపు వేస్తే మా ఊరి వేడికి బంక కారి జారిపోయేది. కాగితం ముక్క ఎగిరిపోయేది. చివరకు మేడం నల్ల బొట్టుబిళ్ళలు కొన్నారు. "చెమటపట్టిన నుదుటి కోసం చేసిండే బంక ఇది. ఎండకు భయపడదు," అన్నారు. ఒక్కో బిళ్ళ ఆ గాజు కిటికీకి సరిగ్గా సరిపోయేది. ఫ్యాన్సీ షాపు ఆమె ప్యాకెట్టు ఇస్తూ మేడం నుదురు వైపు ఒక చూపు చూసేది, మేడం ఆ చూపును చిల్లరతో పాటు తీసుకుని వచ్చేసేవారు. ఆ ప్యాకెట్టు ఎప్పుడూ ఆవిడ రెక్సిన్ బ్యాగు ముందు అరలో ఉండేది. తన నుదుటికి వద్దన్న దాన్ని ఆవిడ ఎన్ని చిప్పులకు పెట్టారో.

మాది బెళుగుప్ప దిక్కు పల్లె. వేరుశనగ నమ్ముకుని నమ్ముకుని విసిగిపోయి నాయన బోరు వేయించి చీనీ తోట పెట్టాడు, బత్తాయినే మా దిక్కు చీనీ అంటారు. తోటంటే మా ఇంట్లో ఇంకో సంతానం కిందే లెక్క. నాకు ఒక ముద్ద తక్కువైనా సరే, చెట్లకు ఒక తడి తక్కువ కాకూడదు. కరెంటు విడతలు విడతలుగా, ఎప్పుడొస్తుందో తెలియకుండా వచ్చేది. అందుకని అందరిలాగే మోటారుకు ఆటో స్టార్టరు బిగించాడు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. బోరులో నీళ్ళు ఉన్నాయా లేవా అన్నది దానికి పట్టదు. నీళ్ళు అడుగంటినా తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. మాది అట్లా ఒకసారి కాలింది, రెండోసారీ కాలింది. మూడోసారి కాలితే ఇక తోట లేదని నాయన అందరి ముందూ అన్నాడు.

చివరి ఏడాది ప్రాజెక్టు ఏం చేస్తావని మేడం అడిగితే నాకు వేరే ఆలోచనే రాలేదు. మా మోటారు, అన్నాను. ఆవిడ తన ఇవాల్యుయేషన్ బోర్డే ఇచ్చారు. నీళ్ళు ఉంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఖాళీగా తిరిగితే తక్కువ లాగుతుంది. ఆ తేడాను కనిపెట్టి బోర్డు మోటారును ఆపేయాలి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. నీళ్ళుంటే పచ్చదీపం, లేకుంటే ఎర్రదీపం. ప్రోగ్రాము నేను రాశాను, మేడం దిద్దారు, నిజం చెప్పాలంటే దిద్దింది ఎక్కువ. ఇనుప డబ్బాలో బోర్డు పెట్టి, కిటికీ మీద బొట్టుబిళ్ళ అంటించి, ఆవిడే మా తోటకు వచ్చి బోరు పక్కన రాతి స్తంభానికి బిగించి పోయారు. మోటారు కాలడం ఆగిపోయింది. నాయన పొద్దున లేస్తూనే డబ్బా వైపు చూసేవాడు. పచ్చదీపం ఉంటే ఆ రోజు ఇంట్లో అందరితో మంచిగా మాట్లాడేవాడు.

ఆ ఏడు దసరా అయిపోయి దీపావళి ఇంకా రాని రోజుల్లో నేను ఇంటికి పోయాను. నాయన అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "బోరు సచ్చిపోయిందమ్మా," అన్నాడు. ఎర్రదీపం వెలిగి వారం పైనే అయింది, కరెంటు వచ్చినా మోటారు తిరగడం లేదు, చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. ఎండుతున్న తోటను చూడలేక బొగ్గులు కాల్చేవాళ్ళకు మాట ఇచ్చేశాడు. మరునాడు గొడ్డళ్ళతో వస్తారు. "ఇన్నిసార్లు కాపాడింది ఆ మిషను. అది నీళ్ళు లేవంటే లేవనే గదా," అన్నాడు.

నేను బెళుగుప్పకు పోయి ఎస్టీడీ బూత్ నుంచి మేడం ఇంటి పక్కవాళ్ళకు ఫోన్ చేశాను. ఆవిడ ఫోన్ దగ్గరికి వచ్చి అంతా విన్నారు.

"డిస్‌ప్లే మీద ఏముండాది?" అని అడిగారు.

"ఎండలో అది కనిపించదు మేడం."

"టవలు కప్పి సూడు. ఏదన్నా అంకె కనపడితే బోరు సంగతి. ఏమీ కనపడకపోతే మా బోర్డు సంగతి. ఏదైనా సరే, నేనొచ్చేదాకా ఒక్క కొమ్మ కొట్టనియ్యద్దు. తెల్లారి బస్సుకొస్తాండా."

నేను తిరిగిపోయి, టవలు కప్పుకుని డబ్బాలోకి తల పెట్టి చూశాను. డిస్‌ప్లే గుడ్డి కన్నులా ఉంది. అది నాయనకు చెప్తే ఆయన నమ్మలేదు. ఆశ పడి మళ్ళీ పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

మేడం బస్సు దిగి వచ్చేసరికి బొగ్గులవాళ్ళు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. గొడ్డళ్ళు చీనీ చెట్టుకే ఆనించి ఉన్నాయి. ఆవిడ వాళ్ళను చూసి, "కొంచెం ఓర్సుకోండప్పా," అని నేరుగా బోరు దగ్గరికి పోయారు. ఆ డబ్బాకు తలుపు లేదు. లోపల పొయ్యిలా కాగుతోంది, దానికీ ఊపిరాడాలి గదా అని నాయనే ఊడబెరికాడు. మేడం పక్కనున్న ఇనుప పైపును ఒకసారి పట్టుకుని, పనిలో దిగారు. మీటరుతో కరెంటు చూశారు, బోర్డుకు చేరుతోంది. ఎక్కడా వైరు ఊడలేదు. తర్వాత నాయన రేడియో అడిగారు. నాయనకు అర్థం కాలేదు, అయినా తెచ్చి ఇచ్చాడు. స్టేషన్ రాని చోట ముల్లు పెట్టి రేడియోను బోర్డు పక్కన పట్టుకున్నారు. జుయ్యిమని ఒకటే చప్పుడు. బోర్డు నా ప్రోగ్రాము ప్రకారం నడుస్తుంటే ఆ చప్పుడు ఆగి ఆగి, ఒక వరసలో రావాలి. ఇదేమో తెగని ఏడుపులా వస్తోంది.

"గుండె కొట్టుకుంటాండాది. బుద్ధే పోయింది," అన్నారు మేడం.

ప్రోగ్రాము చిప్పును మెల్లగా పెకలించి బయటికి తీశారు. గాజు కిటికీ మీద బొట్టుబిళ్ళ లేదు. ఎండకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. గాజు అంచు చుట్టూ ఎర్రగా సన్నటి గీత. వేలితో రాసి వాసన చూశారు. కుంకుమ.

ఆవిడ తల తిప్పి మా అమ్మను చూశారు. అమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆయుధపూజ రోజు మా ఇంట్లో కొడవలి నుంచి మోటారు దాకా అన్నిటినీ కడిగి కుంకుమ పెట్టడం అమ్మ పని. "అక్కా, దీని మీద నల్ల స్టిక్కరు ఉండాల. నువ్వేమన్నా తీసినావా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు.

మా అమ్మకు దాచి మాట్లాడటం రాదు. ఆ రోజన్నా దాచి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. "తీసినాను. మొగుడు లేని మనిషి చేత్తో పెట్టిండే బొట్టు పండగ పూట మా అన్నం పెట్టే దాని మీద ఏమిటికని తీసేసి, మా ఇంటి కుంకుమ పెట్టినా," అంది.

గట్టు మీద బొగ్గులవాళ్ళు కూడా బీడీలు ఆపారు. నాయన అమ్మను కొట్టేటట్టు చూశాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మేడం మాత్రం చేతిలో చిప్పు వైపే చూస్తూ ఉన్నారు. కుంకుమ ఎండిపోయి రాలిపోయింది, తలుపు లేని డబ్బాలోకి రోజూ పొద్దుటి ఎండ నేరుగా పడింది, ప్రోగ్రాము కొద్ది కొద్దిగా చెరిగిపోయింది. ఇవన్నీ ఆవిడ లెక్క కట్టుకున్నారు, కానీ పైకి చెప్పలేదు.

బ్యాగులోంచి ఇంకో చిప్పు తీశారు. ముందు రోజే ల్యాబు తెరిపించి అదే ప్రోగ్రాము ఎక్కించి తెచ్చారు. దాన్ని బోర్డులో కూర్చోబెట్టి, బొట్టుబిళ్ళల ప్యాకెట్టు అమ్మ చేతికిచ్చారు.

"నా చెయ్యి వద్దంటే నువ్వే పెట్టక్కా. కుంకుమ వద్దు, ఇదే పెట్టు. ముందు కొంగుతో తడి లేకుండా తుడువు. నడుమ పెట్టి సుట్టూ అంచు నొక్కు. నీ వేలి వెచ్చదనానికే బంక పడ్తాది. పట్టేదాకా వేలు తియ్యద్దు."

అమ్మ చెంబు కింద పెట్టి, చెప్పినట్టే చేసింది. మేడం పక్కనే వంగి చూస్తూ, "ఆ, అట్లనే," అంటున్నారు. ఇద్దరి తలలూ ఆ డబ్బా ముందు దాదాపు తగులుతున్నాయి.

కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డబ్బాలో టక్‌మని ఒక చప్పుడు, తర్వాత భూమి లోపల మోటారు మూలుగు. పైపు ముందు గాలి దగ్గింది, ఆ తర్వాత ఎర్రమట్టి నీళ్ళు కక్కింది, చివరికి తేట నీళ్ళు వచ్చాయి. సన్నటి ధారే, అయినా నీళ్ళు. నాయన కాలవలో కూలబడి ఆ నీళ్ళతోనే మొహం కడుక్కున్నాడు, ఏడ్చింది కనబడకుండా. బొగ్గులవాళ్ళు వచ్చి కడుపునిండా తాగి, గొడ్డళ్ళు భుజాన వేసుకుని పోయారు.

బస్సెక్కే ముందు మేడం నాతో అన్న మాట ఒకటుంది. "తప్పు మీ అమ్మది కాదు. నీళ్ళు లేకపోయినా ఎర్రదీపమే, బోర్డుకు బుద్ధి పోయినా ఎర్రదీపమే. అట్ల పెట్టింది మనం. తెలీనప్పుడు తెలీదు అని చెప్పేది నేర్పియ్యాల, మిషనుకైనా మనిషికైనా." తర్వాతి వారం ప్రోగ్రాము మార్చి కొత్త చిప్పుతో వచ్చారు, మూడో దీపం ఒకటి తెచ్చారు. పసుపు రంగుది. ప్రోగ్రాము బతికున్నంతసేపూ అది మిణుకుతుంది. "ఇది మిణుకుతాంటే మిషను నిజం చెప్తాండాదని. మిణకకపోతే దాని మాట నమ్మద్దు, నాకు ఫోన్ చెయ్యి," అని నాయనకు చెప్పారు. ఆ తర్వాత ప్రతి దసరాకూ అమ్మే పాత బొట్టుబిళ్ళ తీసి కొత్తది అంటించేది. ప్యాకెట్టు అయిపోతే మేడం పంపేవారు, ఒకసారి అమ్మ తన చేతి సజ్జరొట్టెలు, గోంగూర పచ్చడి నాతో పంపింది. అమ్మ క్షమాపణ ఎప్పుడూ అడగలేదు. మా ఇళ్ళలో ఆ మాట లేదు.

ఆ తోట ఇంకొన్నేళ్ళు బతికింది. నేను బెంగుళూరులో మీటర్లు చేసే కంపెనీలో చేరాను. తర్వాత వచ్చిన కరువు మీరు కూడా చూసే ఉంటారు. ఊర్లో ఒక్కో బోరూ ఆగిపోయింది. ఒకరోజు మా డబ్బాలో ఎర్రదీపం వెలిగింది, పక్కనే పసుపుదీపం మిణుకుతూనే ఉంది. నాయన మేడంకు ఫోన్ చేశాడు. "మిణుకుతానే ఉండాదమ్మా. అయినా ఒకతూరి వచ్చి సూడు," అన్నాడు. నేనూ సెలవు పెట్టి పోయాను.

ఆ రోజు మేడం చేసిన పనిని నేను మరిచిపోలేను. పసుపుదీపం చూడగానే సంగతేంటో ఆవిడకు తెలిసిపోయింది. నాకూ తెలిసింది. అయినా ఆవిడ బోర్డు మొత్తం విప్పారు. చిప్పు మార్చారు. కరెంటు కొలిచే చుట్టను మార్చారు. ఒక్కొక్కటి మార్చి స్విచ్చి వేసినప్పుడల్లా నాయన మెడ చాచి పైపు వైపు చూసేవాడు, పైపు ఊరకే గాలి దగ్గేది. చివరికి మేడం మీటరు పక్కన పెట్టి, "అన్నా, బోర్డు బాగానే ఉండాది," అన్నారు.

"ఇంగొకతూరి సూడమ్మా."

ఆవిడ మళ్ళీ చూశారు. మొదటి నుంచి, ఏదీ వదలకుండా, అంతే శ్రద్ధగా. ఏమీ దొరకదని తెలిసి కూడా అట్లా వెతకగలిగినవాళ్ళను నేను ఇంకెవరినీ చూడలేదు. మళ్ళీ అదే మాట చెప్పారు. నాయన, "అయితే సరే," అని తలగుడ్డ తీసి దులుపుకుని మళ్ళీ చుట్టుకున్నాడు. తప్పు మిషనుదై ఉంటే ఎంత బాగుండు అని ఆ పొద్దు అందరం అనుకున్నాం. చెట్లు కొట్టే రోజు మేడం కాలేజీకి సెలవు పెట్టి వచ్చి, ఇంట్లో మా అమ్మ పక్కన కూర్చున్నారు. గొడ్డలి దెబ్బలు ఇంటిదాకా వినిపించాయి. చివరి చెట్టయ్యాక అమ్మ లేచి ఆవిడకు అన్నం పెట్టింది. నాయన ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు.

పోయిన ఏడు మేడంకు కడుపులో నొప్పి మొదలైంది. అనంతపురంలో పరీక్ష చేసి, గడ్డ ముదిరిపోయిందని చెప్పిన మాట నేను ఒప్పుకోలేదు. బెంగుళూరు తీసుకుపోయి స్కానింగ్ చేయించాను, అక్కడా అదే అన్నారు. ఇంకో పెద్ద ఆసుపత్రి ఉంది మేడం, అక్కడ మిషన్లు కొత్తవి, వీళ్ళ మిషను తప్పేమో అని నేను గొడవ చేశాను. ఆసుపత్రి బయట టీ తాగుతూ ఆవిడ నా మొహం చాలాసేపు చూశారు. నేను నాయనలా మాట్లాడుతున్నానని నాకు అప్పుడు తెలియలేదు.

"సరే, ఇంగొకతూరి సూపిచ్చుకుందాం పద," అన్నారు.

నా కోసమే వచ్చారు. మళ్ళీ ఆ గొట్టంలో పడుకున్నారు, మళ్ళీ గంటలు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. కాగితాలు చేతికొచ్చాక చదివి, మడిచి, రెక్సిన్ బ్యాగులో పెట్టుకున్నారు. "బోర్డు బాగానే ఉండాదమ్మా," అన్నారు. నేను ఆసుపత్రి మెట్ల మీద ఏడ్చాను. ఈసారి ఆవిడ కరెంటు చూడమనలేదు. నా తల తన ఒడిలో పెట్టుకున్నారు.

శుక్రవారం సాయంత్రానికి అమ్మను తీసుకుని మేడం ఇంటికి చేరాను. నడుమింట్లో చాప మీద పడుకోబెట్టారు. స్నానం చేయించి, తెల్లచీర కట్టి, నుదుటికి విభూతి కూడా పెట్టకుండా ఉంచారు. తలాపున దీపం. దగ్గరికి పోతూ పోతూ నా చెయ్యి తనకు తానే కిటికీ కమ్మిని పట్టుకుంది. తర్వాత ఆవిడ పాదాలు ముట్టుకున్నాను.

అమ్మ తలాపున కూర్చుంది. ముసలితనంతో నడుం వంగింది, కళ్ళు సరిగా ఆనవు. తర్వాత నా వైపు చెయ్యి చాపి, "ఆయమ్మ బ్యాగు యాడుండాదో సూడు. ముందర సంచిలో ఉంటాది," అంది.

రెక్సిన్ బ్యాగు మేకుకు వేలాడుతోంది. ముందు అరలో ప్యాకెట్టు ఉంది, సగం వాడింది. తెచ్చి ఇచ్చాను. మేడం తరఫు పెద్దామె ఒకావిడ అది చూసి, "ఏమి చేస్తాండావమ్మా? మొగుడు లేని మనిషికి..." అని చెయ్యి అడ్డం పెట్టబోయింది.

"నాకు తెలుసులే," అంది అమ్మ. "తెలిసే చేస్తాండా."

కొంగు చివరతో మేడం నుదురు తడి లేకుండా తుడిచింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక నల్ల బిళ్ళ ఊడదీసింది. నడుమ పెట్టి, చుట్టూ అంచు నొక్కి, బొటనవేలు అక్కడే ఉంచింది. మేడం నుదురు చల్లగా ఉంది. బంక పట్టడానికి చాలాసేపు పట్టింది. అమ్మ వేలు తియ్యలేదు.